పాత స్టోరేజీ బాధ్యత నా మీద పడింది: ఒక డిస్కు హెచ్చరిస్తోంది, ఉదయం పూట అంతా నత్తనడక. ముందు ఏం చేయాలి?

విశాఖ_నిర్వాహకుడు రాశారు:

నమస్కారమండీ. విశాఖపట్నంలో ఒక ఇంజినీరింగ్ డిజైన్ సంస్థలో సర్వర్ల పని చూస్తున్నాను. స్టోరేజీ చూసుకునే సీనియర్ ఉద్యోగం మారడంతో అది కూడా నాకే అప్పగించారు. అప్పగింత అంటే పాస్‌వర్డ్ రాసిన కాగితం, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) సంస్థ ఫోను నంబరు, అంతే.

ఉన్నది ఇదీ. 12 డిస్కుల నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె. ఒక్కో డిస్కు 16 టెరాబైట్లు, 7,200 ఆర్‌పీఎం. అన్నీ కలిపి ఒకే రెయిడ్ 5 గ్రూపు (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక), హాట్ స్పేర్ (ఒక డిస్కు పోగానే తనంతట తాను దాని స్థానం తీసుకునే ఖాళీ డిస్కు) లేదు. 88 శాతం నిండిపోయింది. దాదాపు 200 మంది ఎస్ఎంబీ షేర్ల (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్ల) మీద డ్రాయింగులు తెరుస్తారు. అవే డిస్కుల మీద ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా సర్వర్లకు డిస్కు అందించే పద్ధతి) ద్వారా కొన్ని వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన సర్వర్లు) కూడా నడుస్తున్నాయి. గంటకో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితి, అవే డిస్కుల మీద) తీస్తోంది. యాజమాన్యం దృష్టిలో అదే బ్యాకప్.

సమస్యలు రెండు. ఒక డిస్కు పసుపు లైటు చూపిస్తోంది, అయినా పనిచేస్తూనే ఉంది. ఉదయం 10 దాటాక డ్రాయింగు సేవ్ చేస్తే తెర బిగుసుకుపోతుంది, మధ్యాహ్నానికి కాస్త తేరుకుంటుంది. ఏఎంసీ వారు రెంటికీ ఒకే మందు చెబుతున్నారు: కొత్త పెట్టె కొనండి. ముందు దేని మీద చేయి వేయాలి?

పాతడిస్కు రాశారు:

ముందు ఆ డిస్కు మీద మాత్రం చేయి వేయకండి. పసుపు లైటు చూడగానే డిస్కు లాగేసి కొత్తది దూర్చడం చాలామందికి అలవాటు. మీ అమరికలో అది అన్నిటికంటే ప్రమాదకరమైన పని.

ఎందుకంటే, రెయిడ్ 5లో ఒక డిస్కు బయటికి వస్తే మిగిలిన 11 డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా చదివితేగాని కొత్త డిస్కు నిండదు. దీన్నే రీబిల్డ్ అంటారు. అంటే 176 టెరాబైట్లు. ఇలాంటి డిస్కుల వివరాల పత్రంలో, 10కి 15వ ఘాతం బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటికి మించి ఉండదని రాస్తారు. 176 టెరాబైట్లంటే అంతకు 1.4 రెట్లు. కాగితం మీద లెక్క వేస్తే మీ రీబిల్డ్ ఎక్కడో ఒకచోట తడబడే అవకాశం ఎక్కువే. ఆ సమయంలో పారిటీ (పోయిన డేటాను లెక్కగట్టి తిరిగి తేవడానికి ఉంచే అదనపు సమాచారం) ఆసరా కూడా ఉండదు. పైగా సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా 16 టెరాబైట్లకు 80,000 సెకన్లు, అంటే 22 గంటలు దాటుతుంది. 200 మంది పనిచేస్తుండగా అయితే రోజులే.

కాబట్టి మొదట, పోతే మళ్లీ తయారు చేయలేని డేటా ఏదో గుర్తించి వేరే పెట్టెలోకి నకలు తీయండి. అది పూర్తయ్యాక మీ పెట్టె మెనూలో, పాత డిస్కును గ్రూపులో ఉంచుతూనే దానిలోని డేటాను కొత్త డిస్కుకు ఎత్తిపోసే సదుపాయం ఉందేమో చూడండి. ఒక్కో తయారీదారు ఒక్కో పేరు పెడతారు. హెచ్చరిక ఇస్తున్న డిస్కు ఇంకా చదవగలుగుతోంది కాబట్టి చాలావరకు దాని నుంచే నేరుగా నకలు అవుతుంది. చదవలేని చోట మాత్రమే పారిటీ సాయం తీసుకుంటుంది. ఆ కాలమంతా మీ రక్షణ చెక్కుచెదరదు.

రాత్రిషిఫ్టు రాశారు:

> కాగితం మీద లెక్క వేస్తే మీ రీబిల్డ్ ఎక్కడో ఒకచోట తడబడే అవకాశం ఎక్కువే

ఈ లెక్క ప్రతి చర్చలోనూ వస్తుంది, ప్రతిసారీ కొత్తవాళ్లు బెదిరిపోతారు. తయారీదారు రాసేది గరిష్ఠ పరిమితి. నిజమైన డిస్కులు సాధారణంగా అంతకంటే మెరుగ్గానే ఉంటాయి. నేను అడిగేది వేరు: చివరిసారి స్క్రబ్ ఎప్పుడు నడిచింది? నెలకోసారి స్క్రబ్ నడిస్తే ప్రతి డిస్కులో ప్రతి చోటూ చదివినట్టే. పాడైన చోటు ఉంటే పారిటీ ఉండగానే సరిచేసుకుంటుంది. స్క్రబ్ సజావుగా పూర్తయిన గ్రూపుకు రీబిల్డ్ అంటే అంత భయం అక్కర్లేదు. స్క్రబ్ మొహమే చూడని గ్రూపు అయితే పాతడిస్కు గారి భయమే నా భయమూ.

విశాఖ_నిర్వాహకుడు రాశారు:

చూశాను. స్క్రబ్ షెడ్యూలు ఆపేసి ఉంది. పక్కనే "నెమ్మదిస్తోంది" అని ఒక వ్యాఖ్య. ఇప్పుడే మొదలుపెట్టమంటారా?

ఇంకొకటి. లైటు ఎర్రగా మారితేగాని డిస్కు మార్చడం ఒప్పందంలో లేదని ఏఎంసీ వారు అంటున్నారు.

పాతడిస్కు రాశారు:

నకలు పూర్తికాకుండా స్క్రబ్ వద్దు. నీరసించిన డిస్కును రోజుల తరబడి పరుగెత్తించడమే అవుతుంది. నకలు, డిస్కు మార్పిడి, ఆ తర్వాత స్క్రబ్. ఇదే వరుస.

ఏఎంసీ వారితో లైటు రంగు గురించి వాదించకండి, అంకెలు చూపించండి. స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్కలు) నివేదికలో 5, 197, 198 సంఖ్యల వరుసలు చూడండి. 5 అంటే పాడైపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు. 197 అంటే చదవలేక తేల్చకుండా పక్కన పెట్టినవి. 198 అంటే దిద్దలేకపోయినవి. ఒకసారి పెరిగి ఆగిపోతే కొన్నాళ్లు చూడవచ్చు. వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కు పని అయిపోయినట్టే. తేదీలతో సహా ఆ పట్టిక ఈమెయిల్‌లో పెట్టి, డేటా పోతే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఫోనులో కుదరదన్నవారు ఈమెయిల్‌కు దిగివస్తారు. ఒప్పందం కూడా ఒకసారి పూర్తిగా చదవండి. పాడవబోయే డిస్కును ముందే మార్చాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

మీరే కొనాల్సి వస్తే ఎస్ఎంఆర్ రకం వద్దు, సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే రకం) అని ఖాయం చేసుకోండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి పరచి ఉంటాయి. ఒకటి తిరగరాయాలంటే పక్కవాటినీ రాయాలి. రీబిల్డ్‌లో అలాంటి డిస్కు పడే అవస్థ చూడలేం. 2020లో నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ) కోసమని అమ్మిన కొన్ని మోడళ్లలో ఈ రకం ఉందని బయటపడి పెద్ద రభసే జరిగింది.

డిస్కు తీసే రోజున ఒక మాట. తెర మీద "డిస్కు 4" అని ఉంటే ఎడమ నుంచి నాలుగో అర అనుకోవద్దు. కొన్ని పెట్టెల్లో లెక్క 0 నుంచి మొదలవుతుంది, కొన్నింట్లో పై నుంచి కిందికి నడుస్తుంది. తెర మీద సీరియల్ నంబరు రాసుకోండి, ఆ అర లైటు మిణుకుమనేలా ఆదేశం ఇవ్వండి, ట్రేను అంగుళం లాగి ఆగండి, డిస్కు తిరగడం ఆగాక బయటికి తీసి చీటీ మీది నంబరుతో సరిపోల్చండి. రెయిడ్ 5లో పొరపాటున మంచి డిస్కు లాగితే చెడ్డ డిస్కే మీకు దిక్కవుతుంది.

తీగలపని రాశారు:

ఉదయం పూట నెమ్మది గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరూ స్టోరేజీనే తిడతారు, సగం సందర్భాల్లో తప్పు తీగలది.

ఒకే సమయంలో రెండు చోట్ల కొలవండి: పెట్టె తన డిస్కుల ఆలస్యం ఎంత చూపిస్తోంది, వాడుకరి కంప్యూటర్‌లో ఎంత కనిపిస్తోంది. పెట్టెలో 5 మిల్లీసెకన్లు ఉండి వాడుకరి దగ్గర 200 ఉంటే నా శాఖ. రెండు చోట్లా ఎక్కువే ఉంటే డిస్కుల శాఖ.

జంబో ఫ్రేములు (మామూలు 1,500 బైట్లకు బదులు 9,000 బైట్ల పెద్ద ప్యాకెట్లు) ఎవరైనా పెట్టారేమో కూడా చూడండి. స్టోరేజీలో 9,000 పెట్టి మధ్యలో ఒక స్విచ్ పోర్టును 1,500 దగ్గరే వదిలేస్తే చిత్రమైన జబ్బు వస్తుంది. లాగిన్ అవుతుంది, చిన్న ఫైలు తెరుచుకుంటుంది, పెద్ద ఫైలు దగ్గరకొచ్చేసరికి బిగుసుకుపోతుంది. పరీక్ష తేలిక. ముక్కలు చేయవద్దన్న షరతు పెట్టి 8,972 బైట్లతో పింగ్ ఇవ్వండి. 9,000లో ఐపీ శీర్షికకు 20, ఐసీఎంపీకి 8 పోగా మిగిలేది అదే. జవాబు రాకపోతే దారిలో ఎక్కడో ఇరుకు ఉంది. అన్నిచోట్లా సరిచేయలేకపోతే జంబో వదిలేసి 1,500తోనే నడపండి. దానివల్ల వచ్చే లాభం కంటే సగం సగం పెట్టడం వల్ల వచ్చే నష్టం పెద్దది.

ఐస్కజీకి రెండు తీగలు ఉంటే రెంటినీ ఒకే స్విచ్‌కు కలిపి మల్టీపాత్ (ఒక దారి పోతే ఇంకో దారి) అనుకోవద్దు. రెండు స్విచ్‌లు, రెండు సబ్‌నెట్‌లు ఉండాలి. సెలవురోజున ఒక తీగ నిజంగా పీకి, వర్చువల్ మెషీన్లు నిలబడ్డాయో లేదో చూడండి.

విశాఖ_నిర్వాహకుడు రాశారు:

కొలిచాను. పింగ్ పరీక్ష నెగ్గింది. ఉదయం 10 నుంచి 11:30 దాకా పెట్టె లోపలే ఆలస్యం 60 మిల్లీసెకన్లు దాటుతోంది, మధ్యాహ్నం 12 దగ్గర ఉంటోంది. చదవడం విపరీతంగా ఉంది, అంతా చిన్న చిన్న ముక్కలు. రాయడం తక్కువే, కానీ రాసే ప్రతిదీ ఆలస్యంగా పూర్తవుతోంది.

రాత్రిషిఫ్టు రాశారు:

ఇది డిస్కుల శాఖే. అక్కడొకటి ఇక్కడొకటి వెతికి చదవాల్సిన పనుల్లో 7,200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 80 దాకా చేస్తుంది. మీ 12కీ కలిపి వెయ్యిలోపు. రాయడం ఇంకా ఖరీదు. రెయిడ్ 5లో చిన్న రాత ఒక్కటంటే పాత డేటా చదవాలి, పాత పారిటీ చదవాలి, కొత్త డేటా, కొత్త పారిటీ రాయాలి. నాలుగు పనులు. అంటే ఒట్టి రాతలైతే సెకనుకు 240. దాని మీద 200 మందీ వర్చువల్ మెషీన్లూ.

రెండు ప్రశ్నలు. ఉదయం 10కి అన్ని కంప్యూటర్లలో ఒకేసారి మొదలయ్యే పని ఏదైనా ఉందా? కంట్రోలర్ క్యాష్ (రాతలను డిస్కు కంటే ముందు పట్టి ఉంచే వేగవంతమైన మెమరీ) బ్యాటరీ స్థితి ఏమిటి? బ్యాటరీ చచ్చిపోతే చాలా కంట్రోలర్లు రాతను క్యాష్‌లో ఉంచుకోవు, డిస్కు మీద పడ్డాకే "అయింది" అంటాయి. కరెంటు పోతే డేటా పోకూడదని వాటి జాగ్రత్త. వాడుకరికి మాత్రం సేవ్ బటన్ నొక్కితే పెట్టె మొరాయించినట్టు కనిపిస్తుంది.

విశాఖ_నిర్వాహకుడు రాశారు:

రెండూ దొరికాయి. యాంటీవైరస్ పూర్తి తనిఖీ రోజూ ఉదయం 10కి పెట్టి ఉంది, అందులో నెట్‌వర్క్ డ్రైవులు కూడా టిక్ చేసి ఉన్నాయి. అంటే 200 కంప్యూటర్లు ఒకే షేరును ఒకేసారి తవ్వుతున్నాయి. బ్యాటరీ స్థితి "విఫలం". లాగులో చూస్తే నెలలుగా అదే మాట. మూడు నెలలకోసారి వచ్చి వెళ్లే ఏఎంసీ ఇంజినీరు నివేదికలో మాత్రం "అన్నీ సవ్యంగా ఉన్నాయి" అని సంతకం ఉంది.

తీగలపని రాశారు:

నా శాఖకు నిర్దోషి అని తీర్పు వచ్చింది, సంతోషం. తనిఖీలో నెట్‌వర్క్ డ్రైవుల టిక్ తీసేయండి. షేరును స్టోరేజీ వైపు నుంచే రాత్రిపూట ఒక్కసారి తనిఖీ చేస్తే చాలు.

డల్లాస్_తెలుగు రాశారు:

నెమ్మది విషయం తేలిపోయింది కదా, ఇక అసలు విషయానికి రండి. గంటకో స్నాప్‌షాట్ బ్యాకప్ ఎలా అవుతుంది? అసలు దస్తావేజునూ నకలునూ ఒకే బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. ఎవరో ఫైలు చెరిపేస్తే స్నాప్‌షాట్ బంగారం. డిస్కుల గ్రూపే పోతే అదీ పోతుంది. నిర్వాహకుడి పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే వాడు మొదట చెరిపేది స్నాప్‌షాట్లనే.

బ్యాకప్ ఉన్నా చాలదు, దాన్ని తిరిగి తెచ్చి చూడాలి. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచిపెట్టే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు తప్పు సర్వర్‌లో డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశారు. రోజువారీ బ్యాకప్‌లు ఉండాల్సిన చోట చూస్తే ఖాళీ. వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే ఈమెయిల్స్ కూడా చేరడం లేదు. ఒక ఇంజినీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ వారిని బయటపడేసింది. 2021 డిసెంబర్‌లో క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ స్క్రిప్టే దాదాపు 77 టెరాబైట్లు, 3.4 కోట్ల ఫైళ్లు చెరిపేసింది. స్క్రిప్టు నడుస్తుండగానే దాని స్థానంలో కొత్త ప్రతి పెట్టారు. పాత సగం కొత్త సగం కలిసి, పాత లాగులు తుడవాల్సిన ఆదేశం అసలు డేటా మీద పడింది.

అందుకే నెలకోసారి ఒక ఫోల్డరు, ఒక వర్చువల్ మెషీను ఎంచుకుని వేరే చోటికి తిరిగి తెచ్చి, ఆ డ్రాయింగును డిజైనర్ చేతే తెరిపించండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. "ఎంతలో కోలుకుంటాం" అని యాజమాన్యం అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఉండే నిజమైన అంకె అదొక్కటే.

బ్యాకప్ సర్వర్‌ను ఆఫీసు డొమైన్‌లో (అందరి లాగిన్లూ ఒకేచోట చూసే వ్యవస్థలో) చేర్చకండి. దాని ఖాతా, పాస్‌వర్డ్ వేరుగా ఉండాలి. ఒక నకలు నిర్ణీత గడువు దాకా ఎవరూ చెరపలేనిదై ఉండాలి. స్టోరేజీ నిర్వహణ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఈ రాత్రే మూసేయండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) పట్టుకున్నది అలా తెరిచి ఉంచిన నాస్ పెట్టెలనే.

సముద్రపుగాలి రాశారు:

విశాఖవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. రెండో నకలు ఊళ్లోనే ఇంకో భవనంలో పెట్టి దూరప్రాంత బ్యాకప్ అనకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ ఏ భవనమూ మిగతావాటికి వేరు కాదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. హైదరాబాద్‌లోనో ఇంకెక్కడైనా లోతట్టునో పెట్టండి.

దానికీ లెక్క ఉంది. 100 మెగాబిట్ల లైన్ మీద ఒక టెరాబైట్ పంపడానికి 80,000 సెకన్లు, 22 గంటలు. మీ దగ్గర 155 టెరాబైట్ల దాకా ఉన్నాయి కాబట్టి నాలుగు నెలలు దాటుతుంది. మొదటి నకలు డిస్కుల మీదో టేపుల మీదో తీసి ఎన్‌క్రిప్ట్ చేసి మనిషితో పంపండి, ఆ తర్వాత రోజువారీ మార్పులు లైన్ మీద వెళ్తాయి. ఎల్‌టీఓ-9 టేపు ఒకటి 18 టెరాబైట్లు పడుతుంది, తొమ్మిది టేపుల్లో మీ డేటా మొత్తం కూర్చుంటుంది. టేపు పాతకాలం అని నవ్వేవాళ్లు నవ్వనివ్వండి. బీరువాలో ఉన్న టేపును ఏ రాన్సమ్‌వేరూ ముట్టుకోలేదు.

యూపీఎస్ సంగతి కూడా. చాలా చోట్ల యూపీఎస్ ఉంటుంది, స్టోరేజీకి దాని కబురు అందదు. జనరేటర్ మొరాయిస్తే బ్యాటరీ అయిపోయే ముందు పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగేలా రెంటినీ కలపండి. ఏసీ ఆదివారమే ఆగుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత హెచ్చరిక ఫోనుకు రావాలి.

లెక్కలమనిషి రాశారు:

కొత్త పెట్టె కొనే ముందు పాత చెత్త ఎంతో చూడండి. డిజైన్ ఆఫీసుల్లో నేను చూసినంతవరకు ఎక్కువ చోటు తినేది డ్రాయింగులు కాదు. రెండర్ చేసిన వీడియోలు, ఎవరో తమ ల్యాప్‌టాప్ మొత్తాన్ని దించిన ఫోల్డర్లు, ముగిసిపోయిన ప్రాజెక్టులు. రెండేళ్లుగా ఎవరూ తెరవని వాటి జాబితా తీసి, ఆయా విభాగాధిపతులకు పంపి, వారి సంతకంతోనే ఆర్కైవ్‌కు తరలించండి. సంతకం లేకుండా ఒక్క ఫైలు కదిపినా మరుసటి రోజు అదే ఫైలు కావాలంటారు.

80 శాతం దాటితే హెచ్చరిక, 85 దాటితే కొత్త షేర్లు బంద్ అని నియమం పెట్టుకోండి. స్నాప్‌షాట్లు తినే చోటును వేరుగా లెక్కించండి. ఫైళ్లు చెరిపినా చోటు తిరిగి రాలేదని కంగారు పడేది అందుకే. స్నాప్‌షాట్ గడువు తీరితేగాని ఆ చోటు ఖాళీ కాదు.

రాత్రిషిఫ్టు రాశారు:

ఫర్మ్‌వేర్ ప్రకటనలు కూడా చదువుతూ ఉండండి. 2019 నవంబర్‌లో సర్వర్ల తయారీదారు హెచ్‌పీఈ తన కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీల గురించి ప్రకటన ఇచ్చింది. 32,768 గంటలు నడిచాక అవి పనిచేయవు, అందులోని డేటా తిరిగి రాదు, వెంటనే కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోండి అని. 32,768 అంటే 2కి 15వ ఘాతం, గంటల లెక్క ఆ అంకె దగ్గర పొంగిపోయింది. ఒకే రోజు పెట్టిన ఎస్ఎస్‌డీలు ఒకే గంటలో పోతే ఏ రెయిడ్ ఆదుకుంటుంది? ఆ ప్రకటన సమయానికి చదివినవాళ్లు ఒక సాయంత్రం పనితో బయటపడ్డారు.

సమయం కూడా సరిచూడండి. డొమైన్‌లో చేరిన స్టోరేజీ గడియారం 5 నిమిషాలకు మించి తప్పితే కెర్బరోస్ (లాగిన్‌లను సరిచూసే పద్ధతి) ఒప్పుకోదు, అందరికీ ఒకేసారి అనుమతి లేదంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం గడియారాలు ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) సమయంతో కలవాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. స్టోరేజీ లాగును ఆ పెట్టెలోనే కాకుండా వేరే సర్వర్‌కు కూడా పంపండి. బ్యాటరీ సంగతి నెలల తరబడి ఎవరి కంటా పడకపోవడానికి కారణం అది పెట్టె లోపలే ఉండిపోవడం.

విశాఖ_నిర్వాహకుడు రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటి పరిస్థితి: యాంటీవైరస్ టిక్ తీశాక ఉదయం ఆలస్యం 20 మిల్లీసెకన్ల లోపుకు వచ్చింది. బ్యాటరీ మార్చాక సేవ్ మీద ఫిర్యాదులు ఆగాయి. స్మార్ట్ పట్టికతో ఈమెయిల్ పంపితే డిస్కు వచ్చింది, పాతది ఉండగానే నకలు పద్ధతిలో మారింది. ఆర్కైవ్ పనికి విభాగాలు సంతకాలు పెట్టాక 155 టెరాబైట్లు 108కి దిగాయి. బ్యాకప్ కోసం రెండో పెట్టె మంజూరైంది. డేటా అందులో ఉండగా పాతదాన్ని రెయిడ్ 6గా (రెండు డిస్కులు పోయినా నిలిచే అమరిక) మళ్లీ కడదామనుకుంటున్నాను.

ఒక్క సందేహం. 12 డిస్కులూ రెయిడ్ 6లో పెడితే 160 టెరాబైట్లు. 11 పెట్టి ఒకటి హాట్ స్పేర్‌గా ఉంచితే 144. ఏది?

పాతడిస్కు రాశారు:

నేనైతే 12 పెట్టి, కొత్త డిస్కు ఒకటి బీరువాలో ఉంచుతాను. రెండు పారిటీలు ఉన్నాయి కదా. కట్టే ముందు రెండో పెట్టె నుంచి కొన్ని ఫోల్డర్లు తిరిగి తెచ్చి చూడండి. పాతది తుడిచాక అదొక్కటే మీ ప్రతి.

రాత్రిషిఫ్టు రాశారు:

బీరువాలోని డిస్కు తనంతట తాను వెళ్లి అరలో కూర్చోదండీ. సంక్రాంతికి ఆఫీసు మూసి అందరూ ఊళ్లకు వెళ్తే భోగి రోజున పోయిన డిస్కును కనుమ దాటాక చూస్తారు. 108 టెరాబైట్లకు 144లో 75 శాతమే. 11 పెట్టి ఒకటి స్పేర్‌గా ఉంచండి.

విశాఖ_నిర్వాహకుడు రాశారు:

మా దగ్గర సంక్రాంతికి వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. 11, ఒక స్పేర్. పండగకు ముందే కట్టేస్తాను.